దగ్గు పాట

ఆ బైండింగ్ గదిలో ఆవిడని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. అందరికీ రెండోవైపు పిన్నే. క్యాసెట్ల కాలంలో జనమంతా మొదటి వైపు వినేసి, టేపు వెనక్కి తిప్పుకుని మళ్ళీ మొదటి వైపే వింటుంటే, ఈవిడ మాత్రం రెండో వైపు అరగదీసేదట. ఎవరో వేళాకోళానికి అన్న మాట అలాగే అతుక్కుపోయింది. రోజంతా జిగురు డబ్బాల మధ్య బతికేవాళ్ళు పెట్టిన పేరు కదా, ఊడమన్నా ఊడదు.

పిన్నికి యాభై మూడేళ్ళు. అందులో ఇరవయ్యారేళ్ళు ఈ గదిలోనే గడిచాయి. అచ్చు మిషన్ మీంచి వచ్చిన పెద్ద కాగితాన్ని మూడు మడతలు పెట్టి, నున్నటి తెల్ల బద్దతో మడత మీద ఒక్క రాపు రాస్తుంది. పదహారు పేజీల ఫారం తయారు. గంటకి ఎన్ని మడుస్తావు పిన్నీ అని అడిగితే "పాటని బట్టి" అంటుంది. జోకనుకుని నవ్వుతారు. ఆవిడ జోకెయ్యలేదు.

పాటల పిచ్చి చాలామందికి ఉంటుంది, కాకపోతే హిట్టు పాటల మీద ఉంటుంది. పిన్నిది వేరే రకం. మూడు రోజులాడి డబ్బాల్లోకి వెళ్ళిపోయిన సినిమాల పాటలు. బళ్ళో సంగీతం చెప్పే మాస్టార్లు ముచ్చటపడి రికార్డు చేయించుకున్న ఆల్బమ్‌లు. ఇక్కడిదాకా ఎవడొస్తాడులే అన్న ధైర్యంతో రెండో వైపు చిట్టచివర కొత్తగా ఏదో చేసి చూసిన పాటలు. ఇవీ ఆవిడకి కావలసినవి. బజార్లో క్యాసెట్ల కొట్టాయన బల్ల కింద ఒక అట్టపెట్టె ఉండేది, అమ్ముడుపోనివన్నీ అందులో పడేసేవాడు. పిన్ని అప్పట్లో కొత్త పెళ్ళికూతురు. కొట్లోకి వచ్చి సరాసరి ఆ పెట్టె ముందు చతికిలబడేది.

"అవి ఎవరూ వినరమ్మా," అనేవాడాయన.

"నేను వింటున్నాగా."

"నువ్వొక్కదానివీ వింటే ఏం లాభం?"

పిన్ని ఆ మాట విననట్టే పెట్టెలోంచి ఇంకో క్యాసెట్ పైకి తీసేది. కొట్టు మూసేసిన రోజున ఆయన పెట్టె మొత్తం ఆవిడ చేతుల్లో పెట్టి, "వీటికి నువ్వే దిక్కు, ఏం చేసుకుంటావో చేసుకో," అని షట్టర్ దించేశాడు.

అప్పట్నుంచీ ఒకటే తాపత్రయం. ఆ పాటల్ని ఎవరికైనా చివరిదాకా వినిపించాలి. పిన్ని పాటలు ఏరి, వరస కూర్చి, ఒక క్యాసెట్ నింపేది. ఎర్ర అట్ట నోటుబుక్కులో జాబితాలు రాసుకునేది. దానికి నియమాలున్నాయి. మొదటి పాట అందరికీ తెలిసినదై ఉండాలి, అది ఎర. రెండోది ఎవరికీ తెలియనిది. ఒకే గొంతు వెంటవెంటనే రెండుసార్లు వినపడకూడదు. హుషారు పాట అయ్యాక కాస్త ఊపిరి పీల్చుకోవడానికి రెండు క్షణాలు ఖాళీ వదలాలి. ఏడుపు పాట చివర్లో పెట్టకూడదు. క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి, సీడీలు పోయి పెన్‌డ్రైవులొచ్చాయి. నియమాలు మాత్రం మారలేదు.

వినేవాళ్ళ తంతు కూడా మారలేదు. మొదటి క్యాసెట్ వదినకి ఇచ్చింది. ఆర్నెల్ల తరవాత వెళ్ళి పెట్టి చూస్తే మొదటి పాట సగంలో ఆగి, వాళ్ళ పెద్దాడు పన్నెండో ఎక్కం అప్పజెబుతున్నాడు. పక్కింటావిడకి సీడీ ఇస్తే పెరట్లో పిట్టలు రాకుండా దారానికి కట్టి వేలాడదీసింది. ఇంక ఇంట్లో మొగుడుగారు. కుళాయిల మేస్త్రి, మంచివాడు, పాటలు పెట్టొద్దని ఒక్కనాడూ అనలేదు. కానీ సాయంత్రం పనినుంచి వచ్చి కుర్చీలో జారబడితే మూడో పాటకల్లా కళ్ళు మూతపడతాయి. ముప్ఫయ్యేళ్ళుగా అదే వరస. మూడో పాట ఏదైనా సరే.

ఆవిడ దగ్గరున్న పాటలన్నిట్లో ప్రాణప్రదమైనది ఒకటుంది. మాస్టారొకాయన పిల్లలతో కలిసి చేసిన ఆల్బమ్‌లోది. పడవ గురించి. మూడో చరణం ఎత్తుకోబోయే ముందు మాస్టారు చిన్నగా దగ్గుతాడు. ఒక్క దగ్గు. మళ్ళీ పాడే ఓపిక లేకనో, స్టూడియోలో టైము అయిపోయిందనో, అలాగే ఉంచేశారు. మొదటిసారి విన్నప్పుడు పిన్నికి నవ్వాగలేదు. పదోసారి వినేసరికి ఆ దగ్గు లేకపోతే పాటే లేదనిపించింది.

సరే, అసలు సంగతికి వద్దాం.

బైండింగ్ గదిలో మధ్యన పొడుగాటి బల్ల ఉంటుంది. దాని అంచు వెంబడి ఒకటో ఫారం గుట్ట, రెండో ఫారం గుట్ట, అలా వరసగా పేర్చి ఉంటాయి. ఏడుగురు మనుషులు బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కో గుట్టలోంచి ఒక్కోటి తీసుకుంటారు. చుట్టు పూర్తయితే చేతిలో ఒక పుస్తకం. అది కుట్టుకి వెళ్ళేముందు కటింగ్ బాబాయ్ చూడాలి. కత్తిరించే మిషన్ ఆయనది, సరిచూసే పని కూడా ఆయనదే. ప్రతి ఫారం వెన్నుమీదా ఒక చిన్న నల్ల గీత అచ్చు వేసి ఉంటుంది, ఒక్కో ఫారానికీ కాస్త కాస్త కిందికి. అన్నీ కలిపి పట్టుకుంటే వెన్నుమీద మెట్లు దిగినట్టు కనిపిస్తుంది. ఫారం తప్పిపోతే మెట్టు విరుగుతుంది. పసిపిల్లలైనా పట్టేస్తారు, చూస్తే.

ఆ వారం బాబాయ్ చూడలేదు. గోడకున్న స్పీకర్లో ఊరంతా ఊగిపోతున్న కొత్త హిట్టు అరగంటకోసారి వస్తోంది. దానికో స్టెప్పుంది, రెండు చేతులూ పైకెత్తి గిర్రున తిరగాలి. స్పీకర్ కింద, బల్ల మూల దగ్గర, నాలుగో గుట్ట ఉంది. పల్లవి రాగానే ఆ మూల తిరిగే ప్రతివాళ్ళూ చేతులెత్తి తిరిగారు. తిరిగి దించేసరికి ఐదో గుట్ట ముందున్నారు. బాబాయ్ కూడా ఆ పల్లవికి మిషన్ వదిలేసి చేతులెత్తుతున్నాడు, మెట్లెవరు చూస్తారు.

అది వంటల పుస్తకం. రెండువందల పన్నెండు కాపీలు వెనక్కొచ్చాయి. నలభై ఎనిమిదో పేజీలో కేకు ఓవెన్‌లో పెట్టారు. పేజీ తిప్పితే అరవై అయిదు. అక్కడ ఓవెన్‌లోంచి చేప బయటికొచ్చింది.

ప్రెస్సు పెద్దాయన ఉన్న రోజుల్లో అయితే రెండు తిట్టి ఊరుకునేవాడు. ఇప్పుడు ఆయన కూతురు చూసుకుంటోంది. అందరూ చిన్నమేడమ్ అంటారు. ముప్ఫయ్యేళ్ళు ఉంటాయి, గొంతు పెంచదు, అదే భయం. కాపీ తెచ్చి బల్లమీద పెట్టి, కేకునీ చేపనీ చూపించి, స్పీకర్ వైరు లాగి చుట్టచుట్టి చేతిలో పట్టుకెళ్ళిపోయింది.

పాటలు పోయాయి. పాటలు పోతే పని బాగా సాగాలి కదా, మాటలొచ్చాయి. ఎవరి మరదలు ఎవరితో ఏమంది, ఎవరు ఎవరి గొడుగు తిరిగివ్వలేదు, అన్నీ ఆ బల్ల చుట్టూనే తేలాయి. మాట చెప్పాలంటే నిలబడాలి. నిలబడితే వెనకవాడు ఆగాలి. పదిరోజుల్లో పని సగానికి పడిపోయింది.

పదకొండో రోజు పిన్ని బద్ద కింద పెట్టి చిన్నమేడమ్ గదికి వెళ్ళింది.

"తప్పు పాటలది కాదమ్మా," అంది. "తెలిసిన పాటలది."

చిన్నమేడమ్ తలెత్తింది. "అంటే?"

"తెలిసిన పాటైతే నోరు కలుపుతారు, కాలు కలుపుతారు, చెయ్యి కలుపుతారు. ఇంక ఫారం ఎవరు తీస్తారు? తెలియని పాటైతే ఊరికే వింటారు. చెవి పాటకీ, చెయ్యి పనికీ."

"ఎవరికీ తెలియని పాటలు ఎక్కడ దొరుకుతాయి?"

పిన్ని ముప్ఫయ్యేళ్ళుగా ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తోంది. "మా ఇంట్లో పెట్టెడున్నాయి," అంది.

చిన్నమేడమ్‌కి నవ్వొచ్చింది, ఆపుకుంది. పక్షుల పుస్తకం వస్తోంది, పన్నెండు ఫారాలు, మూడువేల కాపీలు, మూడు రోజుల్లో కావాలి. "ఈ మూడు రోజులూ నీ పాటలు పెట్టుకో పిన్నీ. ప్రతి కాపీ నేనే చూస్తాను. ఒక్కటి తప్పొచ్చినా స్పీకర్ తీయించేస్తా, మళ్ళీ ఎవరూ అడగకూడదు."

"ఒక్కటి తప్పొస్తే ఆ స్పీకర్ మేకులు నేనే పీకుతానమ్మా," అని వచ్చేసింది పిన్ని.

ఆ సాయంత్రం ఎర్ర నోటుబుక్కు ముందేసుకుని కూర్చుంది. చెయ్యి అలవాటుగా మొదటి గీతలో హిట్టు పాట రాసేసింది. ఎర. కాసేపు దాన్నే చూసి కొట్టేసింది. ఎర లేకుండా జాబితా కట్టడం జన్మలో ఇదే మొదటిసారి. నలభై పాటలు, ఒక్కటీ ఎవరికీ తెలియదు. గుంపులో తెలిసిన మొహం ఒక్కటీ లేకుండా తన పిల్లలందర్నీ ఒకేసారి బడికి పంపుతున్నట్టనిపించింది.

మొదటిరోజు పొద్దున్నే స్పీకర్ వైరు తిరిగి తగిలించి పెన్‌డ్రైవ్ పెట్టింది. సైకిల్ బెల్లుతో మొదలయ్యే పాట వచ్చింది. రెండో పాట. మూడో పాట. బల్ల చుట్టూ ముందు నడిచే పొడుగమ్మాయి మొహం అదోలా పెట్టింది.

"పిన్నీ, ఇది పాటేనా? మా ఇంట్లో కుళాయి కారుతుంటే ఇలాగే వినపడుద్ది."

"మీ కుళాయిని తీసుకురా, పాడించుకుందాం," అంది పిన్ని మడత మీంచి తలెత్తకుండా.

ఏడో పాట పడవ పాట. మూడో చరణం ముందు మాస్టారు దగ్గాడు. కటింగ్ బాబాయ్ మిషన్ ఆపి స్పీకర్ వైపు చూశాడు.

"చెల్లెమ్మా, ఈయన మంచినీళ్ళు తాగాడంటావా?"

గది గొల్లుమంది. పిన్నికి చెవులు వేడెక్కాయి, అయినా గమనించింది. నవ్వుతున్నారు గానీ చేతులు ఆగలేదు. సాయంత్రానికి పదకొండు వందల కాపీలు తేలాయి. చిన్నమేడమ్ ఒక్కోటీ వెన్ను తిప్పి చూసింది. మెట్లన్నీ దిగినట్టే ఉన్నాయి.

రెండోరోజు పొద్దున్న జాబితా మళ్ళీ మొదట్నుంచి పెట్టింది. మూడో పాట మొదలవగానే పొడుగమ్మాయి "వచ్చింది కుళాయి పాట," అంది. తిట్టు కాదది, ఎరిగినవాళ్ళని పలకరించినట్టుంది. ఏడో పాట మొదలయ్యేసరికి గది సద్దుమణిగింది. బాబాయ్ మిషన్ చప్పుడు తగ్గించాడు. అందరూ దేనికోసమో కాచుక్కూచున్నారు. మాస్టారు దగ్గాడు. ఏడుగురి మొహాల్లోనూ ఒకేసారి వెలుగు.

"ఈ దగ్గు పాట మళ్ళీ ఎప్పుడొస్తుంది చెల్లెమ్మా?" అడిగాడు బాబాయ్.

ముప్ఫయ్యేళ్ళలో ఆవిణ్ణి ఎవరూ అలా అడగలేదు. "మధ్యాన్నం," అంది పిన్ని, రాసిన మడతనే మళ్ళీ బద్దతో రాస్తూ.

మధ్యాహ్నం వచ్చింది. పొడుగమ్మాయి పల్లవి కూనిరాగం తీసింది. వెనకావిడ అందుకుంది. బాబాయ్ శ్రుతి లేకుండా, సిగ్గు లేకుండా గొంతు కలిపాడు. పిన్నికి ఒక్కసారి ఒళ్ళు జల్లుమంది, సంతోషంతో. మరుక్షణం చేతిలో బద్ద కింద పెట్టేసింది.

పాట తెలిసిపోయింది.

తెలియని పాటలు కాబట్టే పని చెడదని కదా తను మాటిచ్చింది. ఇప్పుడు ఇవి తెలిసిన పాటలు. పొడుగమ్మాయి మూల తిరుగుతూ, మాస్టారు దగ్గే చోట చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది, ఆటకి. నాలుగో గుట్ట దగ్గర. పిన్ని పరుగున వెళ్ళి ఆ అమ్మాయి చేతిలోది తీసుకుని వెన్ను చూసింది. నాలుగో గీత ఉంది. రెండో చేత్తో తీసిందట. ఈసారి బతికిపోయాం.

ఆ సాయంత్రం ఇంట్లో టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా నోటుబుక్కు తిరగేస్తోంది పిన్ని. దారి సుళువే. పెట్టెలో ఇంకా వందల పాటలున్నాయి. రేపటికి కొత్త నలభై వేసేస్తే చాలు, మళ్ళీ ఎవరికీ తెలియవు, స్పీకర్ నిలబడుతుంది. "పడవ పాట తీసెయ్యాలి," అని గొణుక్కుంటూ దాని పక్కన కొట్టివేత గీత గియ్యబోయింది.

"ఆ దగ్గుది తియ్యకు," అన్నాడు మొగుడు, కుర్చీలోంచి, కళ్ళు మూసుకునే.

పిన్ని పెన్ను ఆగింది. "మీకెలా తెలుసు? అది ఏడో పాట. మీరు మూడో పాటకే నిద్రపోతారుగా."

"కళ్ళు మూసుకుంటా. నిద్రని ఎవరన్నారు?"

"ముప్ఫయ్యేళ్ళుగానా?"

"కళ్ళు తెరిస్తే నువ్వు పాట గురించి చెప్పడం మొదలెడతావు. ఇంక పాట వినపడదు."

పిన్నికి నవ్వాలో చేతిలో నోటుబుక్కు విసరాలో తెలియలేదు. "అయితే వందలకొద్దీ విన్నారన్నమాట. ఒక్కటైనా బాగుందని చెప్పొచ్చుగా."

"రోజూ అదే కుర్చీలో కూర్చున్నాగా," అన్నాడాయన, ఇంతకంటే ఏం చెప్పాలన్నట్టు.

ఆవిడ పెన్ను మూత పెట్టి మళ్ళీ జాబితా ముందేసుకుంది. ఎవరైనా చివరిదాకా వినాలని ఇన్నేళ్ళు తిరిగి, తీరా నేర్చుకునేదాకా వింటే ఆ పాటే తీసెయ్యడమా. తియ్యకూడదు. మరి చెయ్యి ఆగే చోటు సంగతో? జాబితాలో పాటకీ పాటకీ మధ్య తను గీసుకున్న చిన్న చిన్న గీతలు కనపడ్డాయి. రెండు క్షణాల ఖాళీలు. వినేవాడు ఊపిరి పీల్చుకునే చోట పాట పెట్టకూడదని ఇన్నేళ్ళూ తను పాటించిన నియమం.

చెయ్యి ఆగే చోట ఫారం మాత్రం ఎందుకు పెట్టాలి?

మూడోరోజు అందరికంటే ముందొచ్చింది. గుట్టలు పేర్చే మేస్త్రి ఇంకా చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు.

"మూల దగ్గర గుట్ట పెట్టకు. అటు మూడూ ఇటు తొమ్మిదీ సర్దు. మూల ఖాళీగా ఉండాలి."

"ఖాళీ దేనికి పిన్నీ, చోటు దండగ."

"తిరగడానికి. చేతులెత్తుకుంటారో, దగ్గుకుంటారో, వాళ్ళ ఇష్టం. అక్కడ చెయ్యి ఊరికే ఉన్నా ఏం పోదు."

మేస్త్రి గొణుక్కుంటూ సర్దాడు. బల్ల ఒక చివర ఇరుకైంది, మూల మాత్రం మూరెడు మేర నున్నగా బోసిగా ఉంది. మొదటి చుట్టులో అందరూ అక్కడ తడబడ్డారు. రెండో చుట్టుకి అలవాటైంది. మూడో చుట్టుకి ఆ మూల వాళ్ళ సొంతమైపోయింది. పొడుగమ్మాయి అక్కడికి రాగానే నడుం మీద చెయ్యేసి గిర్రున ఒక చుట్టు తిరిగి, ఆగి, నాలుగో ఫారం అందుకుంది. వెనకావిడ కుళాయి పాటకి వేళ్ళతో బల్లమీద దరువేసి, ఆగి, నాలుగో ఫారం అందుకుంది. ఎవరికి ఎంత ఆడాలనుందో అంతా ఆ మూరెడు చోటులోనే ఆడేశారు. మూల దాటాక ఆట లేదు, పనే.

మధ్యాహ్నం మూడింటికి చివరి మూడువందలు మిగిలాయి. చిన్నమేడమ్ బాబాయ్ పక్కన స్టూలు వేసుకుని వెన్నులు చూస్తోంది. ఇప్పటిదాకా ఒక్క మెట్టూ విరగలేదు. పిన్ని మడతలు పూర్తయ్యాయి, చేతులకి పని లేదు, బద్దని అటూ ఇటూ తిప్పుతోంది. నియమం ప్రకారం చూస్తే అప్పుడు రావలసిన పాట వేరే. జాబితాలో మొదటిసారి వరస తప్పించి, పడవ పాట పెట్టింది.

మొదటి చరణం పొడుగమ్మాయి పాడింది. రెండో చరణానికి గదంతా పాడింది. శ్రుతి ఎవరిది వాళ్ళదే. ఎవరూ వినరని కొట్టాయన బల్ల కింద పడేసిన పాట, గోడకి కొట్టుకుని, కాగితాల గుట్టల మీంచి తిరిగొస్తోంది. చేతులు మాత్రం ఆగలేదు. ఫారం మీద ఫారం, గుట్ట తరవాత గుట్ట. రెండో చరణం అయిపోయింది. పాట ఆగింది. గది కూడా ఆగింది.

పదకొండు మంది ఒకేసారి దగ్గారు.

మాస్టారి దగ్గు ఎవరికీ వినపడలేదు. అందరూ పగలబడి నవ్వుతూ మూడో చరణంలో పడ్డారు. బాబాయ్ నవ్వుతూనే చివరి కాపీ వెన్ను తిప్పి, కళ్ళ దగ్గర పెట్టుకుని, పన్నెండు మెట్లూ వేలితో దిగాడు. దిగి, చిన్నమేడమ్ చేతికిచ్చాడు.

ఆవిడ చూసింది. మళ్ళీ పైనించి కిందికి చూసింది. కాపీని గుట్టమీద పెట్టి, గొంతు పెంచకుండానే అంది, "మూడువేలు. అన్నీ సరిపోయాయి."

గదిలో కేక పుట్టింది. ఎవరో పిన్ని భుజాలు పట్టుకుని ఊపేశారు. బాబాయ్ "చెల్లెమ్మా, మేకులు పీకే శ్రమ తప్పింది నీకు," అన్నాడు. మేస్త్రి వచ్చి, మూల ఖాళీ ఉంచడం మొదట్నుంచీ తనకూ తోచిందేనని ఇద్దరికి చెప్పాడు.

సర్దుళ్ళు అయ్యాక చిన్నమేడమ్ మడతల బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో పెన్‌డ్రైవ్ ఒకటి ఉంది.

"పిన్నీ, కారులో వినడానికి ఇందులో వేసిస్తావా? ఆ నలభయ్యే."

"వేస్తానమ్మా." పిన్ని దాన్ని అందుకుని కొంగుకి ముడేసుకుంది. "మొదట్లో తెలిసిన పాట ఒకటి వెయ్యమంటారా, అలవాటు కోసం?"

చిన్నమేడమ్ ఆలోచించింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని చిన్నగా ఒక్క దగ్గు దగ్గింది.

"తెలిసిన పాటతోనే మొదలెట్టు," అంది.